ఎంగిలి కాని కంచాలు

కూరగాయల బజారు మూసే ముందు ఒక పావుగంట ఉంటుంది. కొట్లవాళ్ళు బుట్టలు సర్దుకుంటూ, కాబేజీల పైఆకులు ఒలిచి పారేస్తూ, మెత్తబడిన టమాటాలను ఒక పక్కకు నెట్టేస్తూ ఉంటారు. ఇస్త్రీ ఆవిడ బజారుకు వచ్చేది సరిగ్గా అప్పుడే. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెది ఇస్త్రీ మిషను పని. అయిదున్నరకు అక్కడ గంట కొడతారు. నడుచుకుంటూ బజారు చేరేసరికి ఆ పావుగంట మొదలవుతుంది.

"ఆకులు పారెయ్యకు తమ్ముడూ, నా సంచిలో వెయ్యి."

"కుందేళ్ళను పెంచుతున్నావా అక్కా?" అనేవాడు కూరగాయల అతను. రోజూ అదే మాట, రోజూ అప్పుడే తట్టినట్టు నవ్వు.

"అవును, నాలుగున్నాయి. ఒకటి మా ఆయన."

రెండేళ్ళ కిందటి దాకా ఆమె, భర్త, అత్తగారు, కూతురు, నలుగురూ ప్యాకెట్ల మీదే బతికారు. మైదా బ్రెడ్డు, నూడుల్స్, బిస్కెట్లు, సీసాల్లో రంగు నీళ్ళు. చవకలో కడుపు నిండిపోయేది. ఆ తరువాత భర్తకు చక్కెర జబ్బు ముదిరి కాలి బొటనవేలు తీసేశారు. లారీ నడిపే మనిషి ఒక గోదాము గేటు దగ్గర కుర్చీలో కూర్చునే మనిషి అయ్యాడు. వీధిలో మాత్రం ఇప్పటికీ డ్రైవరనే పిలుస్తారు. బొటనవేలితో పాటు ఆ పేరు కూడా పోతుందేమోనని ఆయన కొన్నాళ్ళు భయపడ్డాడు కానీ, జనం అంత నిర్దయులు కారు.

డాక్టరు ఒక కాగితం రాసిచ్చాడు. ప్యాకెట్‌లో వచ్చేదేదీ వద్దు. పొట్టు తీయని గింజలు, పప్పులు, ఆకులు, కాయలు, దుంపలు. మట్టిలోంచి వచ్చింది వచ్చినట్టుగా తినాలి. "ఆయనొక్కడికే వేరే వండకమ్మా," అన్నాడు. "పక్కన పిల్ల బిస్కెట్టు నములుతుంటే తను ఆకులు తినేంత యోగి ఎవడూ ఉండడు. ఇంటిల్లిపాదికీ ఒకటే వంట." అవన్నీ ఎంతవుతాయో ఆ కాగితంలో లేదు. అది రాయడం డాక్టర్ల పని కాదు కాబోలు.

ఆమె ఆ కాగితాన్ని పొయ్యి పక్క గోడకు అంటించి పంతం పట్టింది. గోధుమలు బస్తాగా కొని, రెండు వీధుల అవతల పిండి మరకు నెత్తిన మోసుకెళ్ళి, పొట్టు జల్లించకుండా పట్టించుకొచ్చేది. పనికెళ్ళే ముందు చిక్కుడు గింజలు నానబెట్టేది. సాయంత్రం అవి ఉడికిన నీళ్ళు పారబొయ్యకుండా అందులోనే ముల్లంగి ఆకులు, కాలీఫ్లవరు కాడలు తరిగి వేసేది. గుమ్మడికాయ కోస్తే లోపలి గింజలు కడిగి ఎండబెట్టి వేయించి సీసాలో పోసేది. చెత్తబండి అతను వాళ్ళ గుమ్మం ముందు ఆగడమే మానేశాడు.

"అమ్మా, ఇది రొట్టా, తలుపా?" అని మొదటి వారం కూతురు అడిగింది. పదకొండేళ్ళ పిల్ల. నోరు మూతపడదు కనుక దాని పేరు వసపిట్ట. బళ్ళో తప్ప ఎవరూ దాన్ని అసలు పేరుతో పిలిచి ఎరగరు.

"తలుపే. నములు, గట్టిపడతావు."

నిజంగానే గట్టిపడింది. పెదవుల మూలల పుళ్ళు మానాయి. అత్తగారు మందుల్లేకుండా పొద్దున్నే దొడ్డికి వెళ్ళొస్తున్నానని వాకిట్లో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంది. డ్రైవరు రక్తంలో చక్కెర దిగింది. ఇంకో వేలు తీయక్కర్లేదన్నాడు డాక్టరు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. ఎన్ని తంటాలు పడినా ఆ గిన్నెలో వండింది ముగ్గురికే సరిపోయేది.

"నువ్వు కూర్చోవే," అనేవాడు డ్రైవరు.

"లాండ్రీలో పెట్టారండీ. తినేశాను."

అత్తగారు ఆ మాట వచ్చినప్పుడల్లా గోడకేసి తిరిగి, నోట్లోది కాస్త ఎక్కువసేపు నమిలేది.

మర్నాడు పొద్దున గిన్నెల స్టాండులో, బోర్లించి ఉన్న ఇంటి నాలుగు కంచాల పక్కన, అయిదోది ఉండేది. స్టీలుది, తళతళలాడేది, ఒక్క గీత లేనిది. వాడనిది కనుక కడగక్కర్లేదు కూడా.

మూడో కంచం వచ్చేసరికే ఆమెకు లెక్క తెలిసిపోయింది. ఊరికే పస్తుంటే రాదు. తిని, తిన్నానని చెప్పినా రాదు. ఆకలీ ఉండాలి, అబద్ధమూ ఆడాలి. రెండూ కలిస్తే తెల్లారేసరికి ఒక కంచం. ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగనూ లేదు. డ్రైవరుకైతే అందులో వింతే కనబడలేదు.

"మా ఇంట్లో ఎప్పుడూ ఇంతేనే," అన్నాడు. "నా చిన్నప్పుడూ వచ్చేవి. అప్పుడు రేకువి. కదమ్మా?"

"ఊఁ," అంది అత్తగారు.

ఇరుగుపొరుగులూ అంతే. కొన్ని ఇళ్ళల్లో చీమలు పుడతాయి, కొన్ని ఇళ్ళల్లో చెమ్మ ఊరుతుంది, వీళ్ళింట్లో కంచాలు పుడతాయి. "వదినా, మా పిల్ల పుట్టినరోజు, ఒక ఆరు కంచాలుంటే ఇవ్వవూ" అని వచ్చి పట్టుకుపోయేవాళ్ళు.

పెళ్ళిళ్ళకూ విందులకూ సామాను అద్దెకిచ్చే కొట్టు ఒకటి వీధి చివర ఉంది. డ్రైవరు కంచాలను అక్కడ అమ్మేవాడు. కొట్టాయన ఒక్కోదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసి, "భలే సరుకన్నా. ఎవరూ ముట్టినట్టే లేదు" అని మెచ్చుకునేవాడు. ఆ డబ్బు పెట్టి డ్రైవరు పావుకిలో వేరుశనగలో, రెండు నారింజకాయలో కొనుక్కుని, పెళ్ళికొడుకులా నడిచొచ్చేవాడు. ఇస్త్రీ ఆవిడ ఆ నారింజను నలుగురికీ పంచడానికని ఒలిచి, ముగ్గురికే పంచేది. తను తినని పూట ఇలా తిరిగొచ్చి పిల్ల నోట్లో పడుతోందంటే ఆమెకు బాధ లేకపోగా కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వమే ఆమె కొంప ముంచింది.

చెప్పుల పట్టీ రెండు కన్నాలు బిగించాల్సి వచ్చింది. మెట్లెక్కితే కళ్ళ ముందు నల్లచుక్కలు తిరిగేవి. ఇస్త్రీ మిషను వేడనుకుని సరిపెట్టుకుంది.

ఒకరోజు డ్రైవరు గుమ్మంలోంచే కేకేశాడు. "ఇదిగో, విన్నావా? కొట్టాయనకు ఒకే రకం కంచాలు యాభై కావాలట, ఒక్కసారిగా. అవి ఇస్తే ఇంట్లో పెట్టుకునే చిన్న పిండి మర వచ్చేస్తుంది. ఇక నెత్తిన మూటలు మొయ్యక్కర్లేదు నువ్వు. నీ మెడ చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది."

ఆయన ఆ మాట మనసులోంచే అన్నాడు. అంత ప్రేమ ఆయన ఆమె మీద చూపించి చాలా రోజులైంది.

"రోజుకొకటే వస్తోంది," అని తల గోక్కున్నాడు. "రెండొస్తే ఎంత బాగుండును."

ఆమె మర్నాటినుంచి పొద్దుటి జావ కూడా మానేసింది. "మీరు లేవకముందే తాగేశానండీ" అంది. రెండు కంచాలు వచ్చాయి.

"చూశావా? నోటితో అన్నానో లేదో!" అని డ్రైవరు పొంగిపోయి, మంచం కింద గోనెసంచి పరిచి వాటిని దొంతర పెట్టడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం లాండ్రీలో తినడానికి ఆమె గుప్పెడు ఉడికించిన శనగలు పట్టుకెళ్ళేది. కొన్నాళ్ళకు అవి కూడా పిల్ల డబ్బాలోకి చేరాయి. "ఇంటి దగ్గరే తినొచ్చాను" అని తోటివాళ్ళకు చెప్పింది. సరిగ్గా ఆ వారమే స్టాండులో మూడో కంచం కనబడసాగింది. చిన్నది, జానెడు వెడల్పు ఉందో లేదో. గుప్పెడు శనగలకు ఇంతకన్నా పెద్దది ఎలా వస్తుందిలే అనుకుంది ఆమె.

"ఇదేమిటి, పిల్లదా?" అని డ్రైవరు దాన్ని తిప్పి చూశాడు. కొట్టాయనను అడిగి వచ్చి, "చిన్నపిల్లల బంతికి పనికొస్తాయట. రెండు చిన్నవి ఒక పెద్దదాని కింద లెక్క" అని సంచిలో పడేశాడు.

ఆ రోజుల్లోనే వసపిట్ట మాట్లాడడం తగ్గించింది. వీధి మొగలోంచే మొదలయ్యే గొంతు ఇంట్లోకి వచ్చాక కూడా వినబడేది కాదు. పుస్తకం ముందు పెట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చునేది. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోంది అని డ్రైవరు సంతోషించాడు. ఇస్త్రీ ఆవిడ సంతోషించలేదు, బెంగపడనూ లేదు. ఆమెకు అప్పటికి ఏదీ సరిగా ఆనేది కాదు. కాళ్ళ కింద నేల ఉందని గుర్తుపెట్టుకోవడానికే ఆమె ఓపిక చాలడం లేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, దుప్పటి అంచు పట్టుకుని మిషనులోకి తోస్తూ తోస్తూ ఆమె ఒక్కసారి ముందుకు తూలింది. ఎడమ ముంజెయ్యి కాలుతున్న రేకుకు తగిలింది. పక్కనున్న ఆవిడ వెనక్కి లాగకపోతే ముఖమే ఆనేది. మేనేజరు తడిగుడ్డ చుట్టించి, ఇంటికి పొమ్మన్నాడు.

ఇంట్లో అత్తగారొక్కతే ఉంది, కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తూ. కోడలి చేతిని చూసి ఏమీ అడక్కుండా బిందెలోని చల్లటి నీళ్ళు ధారగా పోసింది. చాలాసేపు పోసింది. ఆ తరువాత అడిగింది.

"పొద్దున్న ఏం తిన్నావు?"

"తినేశా..."

"ఆపు. ఆ మాట నాతో అనకమ్మాయ్. ఇంకొక్క కంచం కూడా నేను చూడలేను."

అత్తగారు ఒడిలోని బఠాణీ తొక్కల్ని చూస్తూ మాట్లాడింది.

"నావి రేకువి. అంచులు వంకరగా ఉండేవి. మీ మామగారు పని దొరికిన నాడు ఇంటికి తెచ్చేవారు, దొరకని నాడు ఇంటికే వచ్చేవారు కాదు. వాడికి లారీ నేర్పించిన డబ్బు ఎక్కడిదనుకున్నావు? నువ్వు కాపురానికి వచ్చిన ఏడాది ఆగిపోయాయి."

"మీకు తెలుసా అత్తయ్యా? మొదటినుంచీ?"

"మొదటి కంచంనుంచీ."

"మరి చెప్పలేదేం?"

"అప్పట్లో వాడికి చెబితే వాడు ముద్ద ముట్టేవాడా? అందుకని చెప్పలేదు." ముసలావిడ ఒడిలోని తొక్కల్ని కింద దులిపింది. "నీ విషయం వేరు. నీ వంట మరిగాను నేను. ఈ వయసులో మొదటిసారి రెండు పూటలా వంటికి పట్టే తిండి కడుపునిండా తింటున్నాను. నోరు విప్పితే నా వాటా తగ్గుతుందని భయం వేసింది. అదీ సంగతి. తిట్టాలనుంటే తిట్టు."

ఇస్త్రీ ఆవిడకు తిట్టాలనే అనిపించింది. కానీ తిట్టడానికీ బలం కావాలి. అత్తగారు లేచి, సాయంత్రానికని తనకోసం మూతపెట్టి ఉంచిన రొట్టె, ఉడికిన గింజలు తెచ్చి ముందు పెట్టింది. ఒక్కో ముద్దా లెక్కపెడుతున్నట్టు ఎదురుగా కూర్చుంది. అలవాటు తప్పిన కడుపు రెండుసార్లు ఎదురుతన్నింది. అయినా వదల్లేదు. సాయంత్రం అయిదింటికే మళ్ళీ గుమ్మడికాయ ముక్కలు ఉడకబెట్టి తినిపించి, మాత్ర వేసి పడుకోబెట్టింది. వాళ్ళాయనా కూతురూ ఎప్పుడొచ్చారో, ఏం తిన్నారో ఇస్త్రీ ఆవిడకు తెలియదు. ఆ రోజు ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు.

అందుకే మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తూ స్టాండులో నాలుగే ఉంటాయనుకుంది. నాలుగు ఉన్నాయి. నాలుగింటి పక్కన ఒక చిన్న కంచం ఉంది.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది. నిన్న తను రెండుసార్లు తింది. పైగా పరాయివాళ్ళతో ఆడిన అబద్ధాలకు ఎప్పుడైనా కంచం వచ్చిందా? లాండ్రీలో చెప్పిన మాటకు ఇక్కడ కంచం ఎందుకొస్తుంది? ఇన్నాళ్ళూ ఇంత చిన్న లెక్క తట్టలేదు. రెండు వారాలుగా వచ్చిన చిన్న కంచాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు వరుస కట్టాయి. వాటిలో ఒక్కటి కూడా ఆమెది కాదు.

వసపిట్ట బడికి తయారవుతోంది. గౌను నడుము దగ్గర వెనకవైపు గుడ్డ మడిచి పిన్నీసు పెట్టుకుంది. అది మొదట్లోనే వదులుగా కొన్నది కదా అని రోజూ చూసి వదిలేసిన పిన్నీసే.

"నిన్న ఏం తిన్నావే?"

"బళ్ళో శనగలమ్మా. తినే..."

ఆమె గబుక్కున కూతురి నోటి మీద చెయ్యి పెట్టింది. "అనకు."

పిల్ల తల్లి చేతిలోని చిన్న కంచం చూసింది. కళ్ళు కిందికి దించుకుంది.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు అన్నప్పుడల్లా వస్తోంది కదా. డబ్బాలో శనగలు పక్కపిల్లకిచ్చేసి, ఇంటికొచ్చి తిన్నానని నేనంటే రాదా అని చూశాను. వచ్చింది." పిల్ల కంచం అంచు తడిమి, "నావి చిన్నవొస్తున్నాయి. పెద్దది రావాలంటే ఇంకేం చెయ్యాలమ్మా?" అని అడిగింది. "మర తొందరగా వస్తే నువ్వు మూట మొయ్యక్కర్లేదని నాన్న అన్నారుగా."

ఇస్త్రీ ఆవిడ ఏడవలేదు. ఇన్నాళ్ళు తను పడిన ఆకలిని మొత్తం పోగేసినా ఆ ఒక్క ప్రశ్న అంత బరువు లేదు. పిల్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి జావ పోసి, తనూ ఒక గ్లాసులో పోసుకుని, దాని ముందే తాగింది. ఇద్దరూ చివరి చుక్కదాకా తాగారు.

ఆ సాయంత్రం డ్రైవరు హుషారుగా వచ్చాడు. "ఇంకో నాలుగొస్తే చాలు. మర చూసొచ్చాను. నీలం రంగుది. ఎంత ముద్దుగా ఉందో!"

ఆమె పిల్ల రోజూ తినే కంచాన్ని నీళ్ళ బిందె మీద మూత పెట్టింది. మూడు పెద్ద కంచాలు, ఒక చిన్న కంచం వరుసగా పెట్టింది. ముగ్గురికి సరిపోయే వంటను నాలుగు భాగాలు చేసి వడ్డించింది. రొట్టెలు తుంచి సమానం చేసింది. తనూ కూర్చుంది.

"అమ్మాల్సిన కంచం తీశావేమిటి? ఎంగిలైతే కొట్టాయన తీసుకోడు."

"ఇది మీ కూతురిదండీ."

"అంటే?"

"మీ సంచిలో ఉన్న చిన్నవన్నీ దానివి. పెద్దవి నావి."

ఆయనకు అర్థం కాలేదు. నవ్వబోయాడు. అప్పుడు అత్తగారు చెప్పింది. కొడుకు ముఖం చూడకుండా, రేకు కంచాల దగ్గర మొదలుపెట్టి, నిన్నటి కాలిన చెయ్యి దాకా చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. డ్రైవరు చేతిలోని రొట్టెముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆయన చూపు మంచం కింది గోనెసంచి మీదికి పోయింది. అందులో ఉన్నవి లెక్కపెట్టి దొంతర పెట్టింది ఆయనే. ఎన్ని పూటలో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. అంతకుముందు అమ్మేసినవి సంచిలో కూడా లేవు. వాటి మీద ఎక్కడో ఎవరి పెళ్ళిలోనో, ఎవరెవరో కడుపునిండా తిని సగం వదిలేసి లేచి పోతుంటారు.

ఆయన తన కంచం పెళ్ళాం వైపు జరిపాడు. "నాకొద్దే. నాకు ఆకలి లేదు, గోదాములో..."

"ఒరేయ్, ఆ మాట అనకు!" అని అత్తగారు అరిచింది.

ఆయన కంచం వెనక్కి లాక్కున్నాడు. ఆ ఇంట్లో ఇక ఎవరూ వద్దనడానికి వీల్లేకుండా పోయింది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు. డ్రైవరు నమిలి నమిలి, మింగలేక, నీళ్ళు తాగి మింగాడు. వసపిట్ట చిన్న కంచంలోని ఆకుల నీళ్ళు కూడా వంచుకుని తాగింది. గిన్నె అడుగు గీకి నాలుగు చోట్లా పంచితే, ఒక్కొక్కరికి ఒక్కో ముద్ద వచ్చింది. ఎవరికీ చాలలేదు. గోడ మీది డాక్టరు కాగితం పొయ్యి సెగకు వణుకుతోంది.

"మర ఇప్పుడు కొనంలే," అన్నాడు డ్రైవరు చివరికి. "గోధుమల మూట నేను మోస్తాను."

"వేలు లేని కాలితోనా?"

"సగం నువ్వు మొయ్యి."

కంచాలు కడగడానికి ఆమె లేవబోతే అత్తగారు భుజం పట్టి ఆపింది. "పొద్దున్న చూసుకోవచ్చులే. తొట్టిలో పడెయ్యి."

మర్నాడు అందరికన్నా ముందు లేచింది వసపిట్ట. పరిగెత్తి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అక్కడినుంచి దాని గొంతు వినబడింది, చాలా రోజుల తరువాత, వీధి మొగదాకా వినబడేంత గట్టిగా.

"అమ్మా! స్టాండు ఖాళీ!"

ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. స్టాండులో ఏమీ లేదు. తొట్టిలో మూడు పెద్దవీ ఒక చిన్నదీ, అంచుల దాకా ఎండిపోయిన కూర చారికలతో, నాలుగూ ఎంగిలివే. ఆమె కట్టు తడవకుండా చీరకొంగు చేతికి చుట్టుకుని, పంపు తిప్పి, వాటిని కడగడానికి కూర్చుంది.